నూట ఇరవై ఆరో హత్య

ఆ ఏడు సముద్రంలో చేపల వేట నిషేధించిన రెండు నెలల్లో మా ఇంట్లో నూట పాతిక హత్యలు జరిగాయి. లెక్క నాది కాదు, మా అత్త గురవమ్మది. మా ఆయన కిషోర్ బాబు మంచం మీద పడుకుని ఫోన్లో క్రైమ్ సినిమాలు పెట్టేవాడు. మా అత్తకు చూపు సరిగ్గా ఆనదు, గోడకు ఆనుకుని చెవులు రిక్కించి వినేది. ఫోన్లో ఎవడో ప్రాణం పోయే కేక పెట్టగానే "ఇంకోడు పోయినాడు" అంటూ బొగ్గుముక్కతో గోడ మీద గీత గీసేది. నూట ఇరవై ఆరోది నేను చేద్దామనుకున్నాను. ఫోన్లో కాదు, మా పాళెంలోనే. ఎవరిని చెయ్యాలో కూడా తెలుసు. చిన్నపోలయ్యను.

ఊరికే అనుకోలేదు. ఏప్రిల్ మొదట్లో మా ఆయనా, మా మరిది గంగాధరమూ వేటకు పోయారు. మైపాడు దాటి కొంత లోపలికి పోయాక ఇంజను ఆగిపోయింది. నీటివాలు పడవను ఉత్తరానికి లాక్కుపోయింది. రెండో రోజు దూరంగా ఏదో పడవ కనబడితే, పిలుచుకొస్తానని మా మరిది నీళ్ళలోకి దూకి ఈదుకుంటూ పోయాడు. తిరిగి రాలేదు. మూడో రోజు బోగోలు వైపు పడవలవాళ్ళు మా ఆయన్ని ఒక్కణ్ణే ఒడ్డుకు చేర్చారు. గంగాధరానికి ఇరవై నాలుగేళ్ళు. శవం కూడా దొరకలేదు.

ఒడ్డుకు వచ్చిన మా ఆయన ఒకే మాట అన్నాడు. "డీజిల్లో నీళ్ళుండాయి." అంతే, పాళెమంతా చిన్నపోలయ్య ఇంటివైపు తిరిగి చూసింది. అంతకు వారం ముందే, తన వల మీద వల వేశాడని మా మరిదితో అతను ఒడ్డున పెద్ద రగడ పెట్టుకున్నాడు. "నీ ఇంజను నడిసముద్రంలో ఆగిపోనూ" అని అందరి ముందూ శాపం పెట్టాడు. మా పాళెంలో డీజిల్ క్యాన్లు పడవల పక్కనే పడుంటాయి, ఎవరూ దేనికీ తాళం వెయ్యరు. ఇంకేం సాక్ష్యం కావాలి? "వాడేనా నాయనా?" అని మా అత్త అడిగితే మా ఆయన తల దించుకున్నాడు. అవునన్నట్టే తీసుకున్నాం.

"వాడింట్లో కూడా ఇట్టాగే ఏడుపు లేవాల. అది నా చెవులతో విన్నాకనే నన్ను తీసకపో తల్లా" అని మా అత్త గంగమ్మకు మొక్కుకుంది. నేను మొక్కుకోలేదు. నేను చేసేదాన్ని, మొక్కులెందుకు?

గంగాధరం నాకు మరిది అనడమే గానీ, నేను కాపురానికి వచ్చేటప్పటికి వాడు నిక్కర్ల పిల్లవాడు. తల దువ్వింది నేను, తన్నింది నేను. అటువంటి వాణ్ణి చంపినవాడు నాలుగిళ్ళ అవతల మీసం దువ్వుకుని తిరుగుతుంటే, సొంత అన్న పొద్దస్తమానం మంచం మీద పడుకుని ఫోన్లో పోలీసులను పరిగెత్తిస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒక రోజు ఎండుచేపలు తిరగేసి లోపలికి వచ్చి అడిగేశాను.

"ఏందయ్యా ఈ చావులు? ఇన్ని చూసి ఏమన్నా నేర్చుకుంటాండావా లేదా?"

"అన్నీ ఒకటి గాదు మే, రకాలుండాయి" అన్నాడు. ఆ రోజుల్లో ఆయన ఆ మాత్రం నోరు విప్పడమే గొప్ప.

రకాలన్నీ చెప్పాడు. ఎవరు చంపారో చివరిదాకా చెప్పనిది ఒకటి. పెద్ద బంగళా, వాన, కరెంటు పోవడం, ఒక శవం, ఏడుగురి మీద అనుమానం. "హంతకుడెవరో నాకు తెలిసింది, వచ్చి చెప్తా" అని ఫోను చేసినవాడు తర్వాతి సీనులో చచ్చి తీరాలి. ఆ ఫోన్లోనే పేరు చెప్పి ఏడవచ్చుగా, చెప్పడు. ఇంకోటి పోలీసు సినిమా. అందులో మంచి ఆఫీసరుకు పెళ్ళాంతో పడదు, పై ఆఫీసరుతో అసలే పడదు. ఉద్యోగం ఊడితే గానీ హంతకుడు దొరకడు. దోపిడీ సినిమా అయితే ఐదుగురు కలుస్తారు, బోర్డు మీద పటం గీస్తారు, ఐదోవాడు మోసం చేస్తాడు. గ్యాంగు సినిమాలో రేవులో మూటలు మోసేవాడు దాదా అవుతాడు. వాడి తల్లి మాత్రం వాడింటి మంచినీళ్ళు ముట్టదు. కోర్టు సినిమాలో జడ్జీ తీర్పు చదవబోతుండగా తలుపు తోసుకుని ఒక సాక్షి వస్తాడు. అప్పటిదాకా ఆ మహానుభావుడు ఏ టీ అంగట్లో కూర్చున్నాడో ఎవరూ అడగరు.

"ఇంక పగ సినిమా" అన్నాడు.

నాకు కావలసింది అదే. "అదెట్టుంటాది?"

"ఇంటర్వెల్ దాకా హీరో దెబ్బలు తింటాడు. ఇంట్లోవాళ్ళను పోగొట్టుకుంటాడు. ఇంటర్వెల్ తావ వానలో మోకాళ్ళ మీద పడి అరుస్తాడు. ఆ తర్వాత ఒక్కొక్కణ్ణీ ఏరి ఏరి..."

"మరి నీ ఇంటర్వెల్ ఎప్పుడయ్యా?"

మా ఆయన ఫోను బోర్లించి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంకో రకం కూడా ఉందని తర్వాత నేనే కనిపెట్టాను. చంపినవాడే కూర్చుని తన కథ చెప్పుకునే సినిమా. అలాంటిది వస్తే మా ఆయన ఐదు నిమిషాల్లో మార్చేసేవాడు. ఎందుకు మార్చావంటే "చంపినోడి బాధ మనకెందుకు?" అన్నాడు. నిజమేగా అనుకున్నాను.

మగవాడు లేవకపోతే ఆడది లేవాలి. ముందు పోలీసు సినిమా ప్రయత్నించాను. స్టేషన్లో ఎస్సై కుర్చీ వేసి మర్యాదగానే కూర్చోబెట్టాడు. "చూసినోళ్ళు ఎవరన్నా ఉన్నారామ్మా? ఆ డీజిల్ ఏమన్నా మిగిలిందా?" అని అడిగాడు. ఒకటీ లేదు. ప్రమాదమని రాసుకున్నాం, ఏదన్నా దొరికితే రమ్మన్నాడు. కేసు వదిలెయ్యమని కళ్ళెర్రజేసే పై ఆఫీసరు కూడా లేకపోయె. ఒకడు బెదిరించి ఉంటే నాకు ఇంకాస్త ఊపు వచ్చేది.

ఆ తర్వాత దోపిడీ సినిమా. నీళ్ళ కొళాయి దగ్గర ఐదుగురం ఆడవాళ్ళం కలిశాం. బోర్డు లేదు, పటం లేదు, బిందెలున్నాయి. చిన్నపోలయ్య పెళ్ళాం కరుణాకుమారి బిందె పెట్టగానే మేం మాట ఆపేస్తాం. ఆమె వంతు వచ్చేసరికి ఎవరికో ఒకరికి ఇంకో బిందె గుర్తొస్తుంది. ఆమె చేతి చేప ఎవరూ కొనరు, ఆమెకు నిప్పు కూడా ఎవరూ ఇవ్వరు. మగవాళ్ళ సంగతి వాళ్ళ పెళ్ళాలు చూసుకున్నారు. నిషేధం రోజుల్లోనే పడవలు బోర్లించి అడుగున అతుకులు వేసుకోవాలి, రంగు పూసుకోవాలి. పడవ బోర్లించాలంటే పదిమంది భుజాలు కావాలి. మా పాళెంలో ఎంత పగవాడైనా పడవ దగ్గర పిలిస్తే పోకుండా ఉండరు. చిన్నపోలయ్య పిలిస్తే మాత్రం ఒక్కడూ పోలేదు. మూడు రోజులు ఇంటింటికీ తిరిగి పిలిచి, నాలుగో రోజు ఆ పడవ నీడలోనే కూర్చుండిపోయాడు. మా ఐదుగురిలో ఎవరూ మోసం చెయ్యలేదు, సినిమావాళ్ళకు ఆడవాళ్ళ సంగతి తెలియదు.

మా ఆయనకు ఇది నచ్చలేదు.

"వాడి పెళ్ళాం పిలకాయలేం చేసినారు?" అన్నాడు.

"నీ తమ్ముడేం చేసినాడు?"

"అది గాదు దుర్గా. మొదట అనుమానం వచ్చినోడు ఎప్పుడూ హంతకుడు గాదు. ఏ సినిమా అన్నా చూడు."

"నీ సినిమాలు నీకాడే పెట్టుకో. ఇది మైపాడు సముద్రం, బంగళా గాదు" అన్నాను. చచ్చినవాడు తమ్ముడు, పౌరుషం రావలసింది అన్నకు. ఈయన చూడబోతే చంపినవాడి తరపున వకాల్తా పుచ్చుకుంటున్నాడు. ఆ పూట ఆయన కంచం ముందు పెట్టడం కాదు, విసిరాను.

మే నెలలో గంగమ్మకు పొంగళ్ళు పెట్టాం. ఇసుకలో వరసగా ఇంటికొక పొయ్యి, మూడేసి రాళ్ళు, కొత్త కుండలు. కరుణాకుమారి కూడా కుండ పట్టుకుని వచ్చింది. వరస చివర, అందరికీ పదడుగుల దూరంలో రాళ్ళు పెట్టుకుని పుల్లలు ముట్టించుకుంటోంది. అందరూ చూశారు, ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళు అననక్కర్లేదు. నేనున్నాగా. లేచి పోయాను.

"అక్కా, ఈ మూల చాలు నాకు. పిలకాయల పేరు మీద మొక్కుండాది" అంది, నేను నోరు తెరవకముందే.

"నా మరిదిని నీళ్ళలో పెట్టినాడు గదా నీ మొగుడు. పోయి ఆడ పెట్టుకో నీ పొయ్యి."

"మావోడు చెయ్యలేదక్కా. గంగాధరం పోయినాడని తెలిసి రెండు రోజులు కూడు ముట్టలేదు."

"ముట్టడు. ఏ సినిమా చూసినా హంతకుడే ముందొచ్చి శవం మీద దండేస్తాడు" అన్నాను. అని కాలితో పొయ్యిరాయి తన్నాను. కుండ ఒరిగి పగిలింది. పాలూ బియ్యమూ ఇసుకలోకి ఇంకిపోయాయి. కరుణాకుమారి ఏడవలేదు. పెంకులు ఏరి కొంగులో వేసుకుని, నిప్పు మీద ఇసుక కప్పి, వెళ్ళిపోయింది.

అబద్ధమెందుకు, ఆ రోజు నాకు కడుపు నిండింది. ఇంటికొచ్చి జరిగింది చెబితే మా అత్త నా చెయ్యి తడుముకుని రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఈ ఇంట్లో మగోడివి నువ్వేనే" అంది. మా ఆయన మంచం మీదనుంచి లేచి బయటికి పోయాడు. ఎక్కడికి పోయాడని కూడా నేను అడగలేదు.

అప్పటికి చిన్నపోలయ్య ఓపిక అయిపోయింది. నిషేధం ఎత్తెయ్యడానికి పది రోజుల ముందు మా ఊరి పెద్దకాపు దగ్గరికి పోయి, పంచాయితీ పెట్టించమన్నాడు. ప్రమాణానికి సిద్ధమన్నాడు. మా పాళెంలో ప్రమాణమంటే ఒకటే. గంగమ్మ ఎదురుగా అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, ఉన్న మాట చెప్పి, ఆ చెయ్యి సముద్రంలో ముంచి ఆర్పాలి. అలా ఆర్పి అబద్ధమాడినవాణ్ణి నీళ్ళు బతకనివ్వవు. ఈ ఒక్క విషయంలో మా వాళ్ళలో నమ్మనివాడు లేడు. ఒడ్డున ఎన్ని అబద్ధాలైనా ఆడతారు గానీ చేతిలో కర్పూరం పెట్టుకుని ఆడరు.

నేను ఎగిరి గంతేశాను. ఇదీ కోర్టు సినిమా! చేసినవాడు కర్పూరం పట్టలేడు, పట్టినా ఆర్పలేడు, అందరి ముందూ చేతులు వణుకుతాయి. మా ఆయనకు తలంటి పోశాను, ఉతికిన చొక్కా తొడిగించాను. "నువ్వు సాక్షివి. గట్టిగా చెప్పాల" అని నూరిపోశాను. ఆయన చిన్నపిల్లవాడిలాగా నేను చెప్పిన వైపల్లా తిరిగి చొక్కా గుండీలు పెట్టించుకున్నాడు.

సాయంత్రం ఎండ తగ్గాక పాళెమంతా ఒడ్డున చేరింది. మా అత్తను చెయ్యి పట్టి నడిపించుకుని పోయి ముందు వరసలో కూర్చోబెట్టాను. చిన్నపోలయ్య వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. నాకు ఇంకా సంతోషమైంది. పెద్దకాపు కర్పూరం బిళ్ళ ఉన్న చెయ్యి ముందుకు చాచాడు.

"పడతా" అన్నాడు చిన్నపోలయ్య. "పట్టేదానికే వచ్చినా. కానీ పెద్దకాపా, ఒక మాట. రెండు నెల్లుగా నన్ను హంతకుడన్నది పాళెం. ఆ పడవలోనుంచి బతికొచ్చినోడు కిషోర్ బాబు ఒక్కడే. వాడు ఇంతవరకూ నా పేరెత్తలేదు. ముందు వాణ్ణి కర్పూరం పట్టి నా పేరు చెప్పమను. ఆ తర్వాత నేను ఒక చెయ్యి గాదు, రెండు చేతులా పడతా."

న్యాయమే అన్నారు జనం. అందరూ మా ఆయన వైపు చూశారు. "పో, చెప్పు" అని నేను వీపు మీద చెయ్యి వేసి తోశాను.

మా ఆయన పోయి కర్పూరం అందుకున్నాడు. వెలిగించారు. చెయ్యి కాలుతుంది, త్వరగా చెప్పాలి. ఆయన త్వరపడలేదు.

"చిన్నపోలయ్యకు ఏ పాపం తెలవదు" అన్నాడు. "ఎండుచేపలకు ఉప్పునీళ్ళు కలిపి పెట్టే క్యాన్ మా ఇంట్లో ఒకటుండాది. ఆ రోజు డీజిల్ క్యాన్ మూత పగిలిందని, ఆ ఉప్పునీళ్ళ క్యాన్ వంచేసి దాంట్లో డీజిల్ పోయించుకొచ్చినా. అడుగున నీళ్ళు మిగిలినాయి, చూసుకోలా. నాదే తప్పు. నా తమ్ముణ్ణి నేనే చంపుకున్నా." నాలుగడుగులు నడిచి చెయ్యి అలలో ముంచాడు.

జనంలో గుసగుస లేచింది. నాకు ఏమీ వినబడలేదు.

మా ఇంట్లో ఉప్పునీళ్ళు కలిపేది నేను. క్యాన్లు కడిగేది నేను. ఆటోలో వేసుకుని పోయి డీజిల్ పోయించుకొచ్చేది నేను. పెళ్ళయిన పదమూడేళ్ళలో మా ఆయన బంకు మొహం చూడలేదు. ఆ రోజు మూత పగిలిందీ నిజమే. ఉప్పునీళ్ళు వంచేసిందీ నిజమే. ఆటోవాడు హారను కొడుతున్నాడని, ఒకసారి బోర్లించి విదిలించి పట్టుకుపోయాను. ఆ సంగతి ఆ క్షణం దాకా నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. హంతకుణ్ణి వెతుక్కుంటూ రెండు నెలలు పాళెమంతా తిరిగిన నేను నా గడప లోపలికి మాత్రం చూడలేదు.

చిన్నపోలయ్య తర్వాత కర్పూరం పట్టాడో లేదో కూడా నాకు తెలియదు. మా అత్త లేచి, తడుముకుంటూ ఒక్కతే ఇంటిదారి పట్టింది. మా ఆయన చెయ్యి పట్టుకోబోతే విదిలించేసింది.

మర్నాడు పొద్దున వలలు సర్దే పాకలో మా ఆయన్ని పట్టుకున్నాను.

"నీకెప్పుడు తెలుసు?"

"ఫిల్టరు విప్పినప్పుడే. పసుపు వాసన కొట్టింది" అన్నాడు. ఎండుచేపల ఉప్పునీళ్ళలో పసుపు వేస్తాను నేను. "గంగడు నవ్వినాడు. వదిన మనింజనుకు కూడా ఉప్పేసిందన్నా, ఇంక నాలుగు రోజులు ఎండబెడితే సరి అన్నాడు. ఇద్దరమూ నవ్వుకున్నాము. అప్పటికి ఇంకా ఒడ్డు కనబడతానే ఉండాది."

నేను ఆయన ఎదురుగా వల మీద కూర్చున్నాను.

"ఎందుకు చెప్పలా నాకు?"

"చెప్తే నువ్వు బతకవు. వాణ్ణి పెంచింది నువ్వు."

"మరి చిన్నపోలయ్యో? రెండు నెల్లు వాణ్ణి నిలువునా తిన్నా గదయ్యా!"

"నేను వాడి పేరు చెప్పలేదు."

"కాదని కూడా అనలేదు గదా!"

వల దారం చేతిలోకి తీసుకుని ముడి విప్పసాగాడు. "నువ్వు కోపంతోనైనా లేచి తిరగతాండావు. కూడు తింటాండావు. ఆ కోపం తీసేస్తే ఏమైపోతావోనని గమ్మున ఉన్నా. తప్పే. అందుకే నిన్న ఒప్పుకున్నా." ముడి వదిలేసి, "ఇది నాతో పోనీ. నువ్వు ఎక్కడా నోరు జారబాక" అన్నాడు.

నేను నోరు జారలేదు. ఏడు రోజులు, ఎనిమిది రోజులు, తొమ్మిది రోజులు. నోరు పెగలలేదని చెప్పుకుంటే సరిపోదు. భయపడ్డాను. ఒప్పుకుంటే మా అత్త మొహం ఎట్లా చూడాలి? కరుణాకుమారి మొహం? కొళాయి దగ్గర నేను నేర్పిన ఆటే నాతో ఆడతారు. ఎవరన్నా "దుర్గా" అని పిలిస్తే వినబడనట్టు లోపలికి పోయేదాన్ని. ఎవరన్నా క్యాన్ చప్పుడు చేస్తే ఉలిక్కిపడేదాన్ని. చంపినవాడి కథ సినిమాలో ఏముంటుందో చూడకుండానే తెలిసొచ్చింది.

ఇంట్లో మా అత్త పగ ఇప్పుడు కొడుకు మీదికి తిరిగింది. ఆయన లోపలికి వస్తే ఆమె బయటికి పోయేది. ఆయన తాకిన చెంబుతో నీళ్ళు తాగేది కాదు. "తమ్ముణ్ణి తిన్నోడా, పోయేటప్పుడు నువ్వు పోయి వాణ్ణి పంపిచ్చి ఉంటే బాగుండెనే" అని మొహం మీదే అంది. ఆయన విన్నాడు. పక్కన నేనూ విన్నాను. కంచంలో అన్నం కలుపుతూ విన్నాను. ఆయనకు అన్నం సహించడం లేదు, నేను మాత్రం మూడు పూటలా తింటున్నాను.

అవన్నీ ఒక ఎత్తు. నిషేధం ఎత్తేసే జూన్ పదిహేను ఒక ఎత్తు. గంగమ్మ ముందర కర్పూరం ఆర్పి అబద్ధమాడినవాడు ఆ రోజు పొద్దున నీళ్ళ మీదికి పోతాడు. నాకేం కాదులే అన్నాడు మా ఆయన. కానీ పద్నాలుగో తేదీ మధ్యాహ్నం తన మంచి చొక్కాలు మడిచి పెట్టెలో అడుగున పెట్టాడు. మా ఇద్దరి ఫోటో తుడిచి మేకుకు తిన్నగా తగిలించాడు. సినిమాలో ఇలాంటివి చేసినవాడు తిరిగి రాడని నాకు ఆయనే చెప్పాడు. తను చేస్తున్నదీ అదేనని ఆయనకు తెలియడం లేదు.

పదిహేనున తెల్లవారి పడవలన్నీ పసుపు కుంకుమలతో వరసగా నిలబడ్డాయి. టెంకాయలు కొడుతున్నారు. పాళెం మొత్తం ఒడ్డునే ఉంది. మా అత్త కూడా వచ్చి దూరంగా నిలబడింది. మా ఆయన పడవ అంచు మీద చెయ్యి వేసి కాలు ఎత్తాడు.

"ఎక్కబాక!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

హారతి పళ్ళెంలోనుంచి కర్పూరం తీసుకుని అరచేతిలో పెట్టుకున్నాను. ముట్టించమని పెద్దకాపును అడిగాను. ఆయన తటపటాయిస్తే నేనే దీపానికి ఆనించి ముట్టించుకున్నాను. "దుర్గా, వొద్దు" అని మా ఆయన పడవ దగ్గరనుంచి పరిగెత్తుకొచ్చాడు. అప్పటికే నేను మొదలుపెట్టాను.

"ఆ రోజు ఉప్పునీళ్ళ క్యాన్లో డీజిల్ పోయించింది నేను. మా ఆయన బంకు గడప తొక్కలేదు. నా కోసం అబద్ధమాడినాడు. తల్లా, ఆ అబద్ధం ఆయన మీద పెట్టుకోబాక, నా మీద పెట్టుకో. గంగాధరాన్ని చంపింది నేను. చిన్నపోలయ్య ఇంటిని పాడు చేసిందీ నేను. ఆ కుండ తన్నింది కూడా ఈ కాలే." అలదాకా పోయి చెయ్యి ముంచాను. ఉప్పునీళ్ళు తగిలి కాలిన చెయ్యి భగ్గుమంది.

చిన్నపోలయ్య జనంలోనుంచి ముందుకు వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను.

"వాడూ నేనూ అరుచుకున్నా, తెల్లారితే నా కాడికే వచ్చి బీడీ అడిగేవోడు మే" అన్నాడు. "నన్ను ఏడవను గూడా ఏడవనీలేదు నువ్వు." అంతే అని తన పడవ దగ్గరికి పోయాడు.

కరుణాకుమారి మాత్రం నా ముందుకొచ్చి నిలబడింది. "నేను మర్చిపోను" అంది. "మర్చిపోతానని అనుకోబాక."

"మీకు వెలా జరిమానా, ఏం కట్టు వెయ్యాల్నో తర్వాత కూర్చుని తేలుస్తాం. ముందు పడవలు పోనియ్యండి" అన్నాడు పెద్దకాపు. చిన్నపోలయ్య పడవను తొయ్యడానికి ఇరవైమంది పోయారు. మా పడవను తొయ్యడానికి ముగ్గురే వచ్చారు, ఆలస్యంగా కదిలింది. అయినా మా ఆయన పోయాడు. పోయేముందు నా వైపు చూశాడు. ఇంక ఆయనకేం కాదు. ఆ ఒక్కటీ నాకు చాలు.

తిరిగి చూస్తే మా అత్త లేదు. ఇంటికి పోయేసరికి గడప మీద కూర్చుని ఉంది.

"అత్తా, కొట్టు నన్ను" అని కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"నీకు తెలిసి ఎన్ని రోజులైంది?"

"పది."

"పది రోజులు నా కొడుకును నా నోటితోనే చావమనిపిచ్చినావు. గమ్మున కూర్చుని విన్నావు."

చెంప చెళ్ళుమన్నా ఇంత దెబ్బ తగిలేది కాదు. "పుట్టింటికి పొమ్మంటే పోతా అత్తా. ఇప్పుడే పోతా" అన్నాను.

"పోతే నీకు సుఖం. పోనియ్యను" అంది మా అత్త. గొంతు పెంచలేదు. "నేను చచ్చేదాకా ఈడనే ఉండాల. నా కూడు నువ్వే వండాల, నువ్వే పెట్టాల. నాకు చూపు ఆనదు, నీ మొహం నాకు కనబడదు. నువ్వు మాత్రం రోజూ నా మొహం చూడాల."

ఇది జరిగి మూడేళ్ళు. పెద్దకాపు వేసిన వెలి కట్టు ఆరు నెలలతో అయిపోయింది. నీళ్ళ కొళాయి దగ్గర నా వంతు నాకొచ్చింది. మా ఆయన వేటకు పోతున్నాడు, వస్తున్నాడు. మా అత్త వేసిన శిక్షకు మాత్రం గడువు లేదు. రోజుకు రెండుసార్లు ఆమె ముందు కంచం పెడతాను. ఆమె కలుపుతుంది, ముద్ద చేస్తుంది. నోటిదాకా తెచ్చి ఆపి, నా వైపు మొహం తిప్పి అడుగుతుంది.

"ఉప్పు చూసినావా?"

"చూసినానత్తా" అంటాను. ఆ మాట నా నోటినుంచి వచ్చాకే తింటుంది. ఇన్ని పూటల్లో ఒక్క పూట కూడా మరిచిపోలేదు. ఇవాళ మధ్యాహ్నం కూడా అడిగింది.